స్పైస్ గర్ల్స్ రెండో ఆల్బమ్ 'స్పైస్‌వరల్డ్': హడావుడిలో చేశారు, కానీ చెత్త చేయలేదు

తుంగభద్రగాలి (కర్నూలు)

స్పైస్ గర్ల్స్ అంటే 90లలో ఇంగ్లండులో వచ్చిన ఐదుగురు అమ్మాయిల పాప్ బృందం. మొన్న వేరే చర్చలో ఒకరు "స్పైస్ గర్ల్స్ అంటే మొదటి ఆల్బమ్ ఒక్కటే, రెండోది డబ్బుల కోసం చుట్టి పడేసింది" అని రాశారు. అక్కడే జవాబిస్తే ఆ చర్చ దారి తప్పుతుంది. అందుకే విడిగా మొదలుపెడుతున్నా.

హడావుడి జరిగిన మాట నిజం. వాళ్ల మొదటి పాట 'వానాబీ' ఇంగ్లండులో 1996 జులైలో వచ్చి పాటల చార్టులో ఏడు వారాలు మొదటి స్థానంలో కూర్చుంది. 'స్పైస్' ఆల్బమ్ అదే ఏడాది నవంబరులో వచ్చింది. 1997 ఫిబ్రవరిలో అమెరికాలో దిగి, ఆ ఏడాది మొత్తానికి అక్కడ అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడైన ఆల్బమ్‌గా నిలిచింది. అదే వేసవిలో లండన్‌లో వాళ్లు నటించిన సినిమా షూటింగ్. అక్టోబరులో ఇస్తాంబుల్‌లో వాళ్ల మొదటి పూర్తి స్థాయి కచేరీలు. నవంబరు 3న రెండో ఆల్బమ్ బజారులోకి వచ్చేసింది. మొదటిదానికీ రెండోదానికీ మధ్య ఏడాది కూడా నిండలేదు.

ఇంత ఒత్తిడిలో చేసిన పని నీరసంగా ఉండాలి. కానీ 'స్పైస్‌వరల్డ్'లో ఉన్న పది పాటలూ వరసగా వినండి. 'స్పైస్ అప్ యువర్ లైఫ్'లో లాటిన్ తాళం. 'స్టాప్'లో 60ల నాటి అమెరికా మోటౌన్ కంపెనీ పాటల ఊపు. 'టూ మచ్' ఇంకా పాత కాలపు నెమ్మది పాట. 'నెవర్ గివ్ అప్ ఆన్ ది గుడ్ టైమ్స్' డిస్కో. 'వివా ఫరెవర్'లో స్పానిష్ గిటారు. చివరి పాట 'ది లేడీ ఈజ్ ఎ వ్యాంప్' నైట్‌క్లబ్ స్టేజీ మీద పాడే జాజ్. మొదటి ఆల్బమ్ నాకూ ఇష్టమే, కానీ అందులో ఇంత విస్తీర్ణం లేదు. రెండో ఆల్బమ్‌ను విడిగా, దాని సొంత బలం మీద వినాలన్నది నా వాదన. కాదనేవాళ్లు కారణం చెప్పి కాదనండి, కోపం ఏమీ లేదు.

అనంతశ్రోత (అనంతపురం)

అక్కా, నేను కాదంటాను. కారణంతోనే.

పది రకాల బాణీలు ఉన్నంత మాత్రాన ఆల్బమ్ గొప్పదైపోదు. మొదటి ఆల్బమ్ పాటలు రాసేటప్పటికి ఈ ఐదుగురినీ ఎవరూ ఎరగరు. 1994లో పత్రికలో ప్రకటన చూసి ఆడిషన్‌కు వచ్చిన అమ్మాయిలు. తమను కుదిర్చిన మేనేజర్ల దగ్గర నుంచి బయటపడి, సొంతంగా పాటలు రాసేవాళ్లను వెతుక్కుని, 1995లో వర్జిన్ కంపెనీతో ఒప్పందం చేసుకున్నారు. ఆ ఆకలి 'స్పైస్'లో వినిపిస్తుంది. 'మామా' పాట వినండి, అమ్మతో గొడవపడిన ఆడపిల్ల ఎవరైనా ఆ పాట తనదే అనుకుంటుంది. రెండో ఆల్బమ్‌లో అటువంటి పాట చూపించండి.

పైగా 'మూవ్ ఓవర్' ఉంది. అది పెప్సీ ప్రకటన కోసం చేసిన ముక్క. దాన్ని సాగదీసి ఆల్బమ్‌లో పెట్టారు. డబ్బిచ్చి క్యాసెట్ కొన్నవాడికి ప్రకటన వినిపించడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

అమ్మకాలు కూడా చూడండి. మొదటిది ప్రపంచం మొత్తం మీద 2 కోట్ల 30 లక్షలు దాటిందని అంటారు. రెండోది కోటీ 40 లక్షల దగ్గర ఆగింది.

ఏడురోడ్లు (కడప)

కోటీ 40 లక్షలు అంటే పడిపోయినట్టా అన్నా? ఏ పాప్ బృందమైనా ఆ అంకెకు పండగ చేసుకుంటుంది.

కీబోర్డు_కడప (కడప)

నేను పెళ్లిళ్లకు, దేవుడి ఉత్సవాలకు ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయిస్తాను. అమ్మకాల సంగతి మీరు తేల్చుకోండి. సంగీతం గురించి నాలుగు మాటలు రాస్తా.

'స్టాప్' తీసుకోండి. డెట్రాయిట్ నగరంలో బెర్రీ గార్డీ 1959లో మొదలుపెట్టిన కంపెనీ మోటౌన్. అందులో ది సుప్రీమ్స్ అనే ముగ్గురు అమ్మాయిల బృందం 60లలో అమెరికాను ఊపేసింది. ఆ పాటల్లో ఊదే వాద్యాలు చిన్న చిన్న ముక్కలుగా జవాబులిస్తుంటాయి, టాంబరిన్ అదే పనిగా గలగలమంటుంది, వెనక పాడే గొంతులు ముందు గొంతుకు బదులు పలుకుతాయి. 'స్టాప్' చేసినవాళ్లు ఆ బాణీని క్షుణ్ణంగా విని చేశారు. ఒక అమ్మాయిల బృందం తమకంటే ముప్పై ఏళ్ల ముందరి అమ్మాయిల బృందానికి పెట్టిన దండం అది. మొదటి ఆల్బమ్‌లో అప్పటి అమెరికా నల్లజాతి పాప్ సంగీతం, అంటే ఆర్ అండ్ బీ పోకడ ఎక్కువ. రెండోదానికి వచ్చేసరికి వెనక్కి తిరిగి పాత పాప్ చరిత్ర మొత్తం తిరగేశారు. నాకు అది ఎదుగుదల లాగే కనిపిస్తుంది.

'స్పైస్ అప్ యువర్ లైఫ్'లో తాళవాద్యాల వరస చూడండి. సాంబా డోళ్లు, మధ్యలో గుంపు కేకలు. పీర్ల పండగలో డప్పు మొదలైతే కాళ్లు వాటంతట అవే లేచినట్టు ఉంటుంది. మూడు నిమిషాల్లోపే అయిపోతుంది. అంత తక్కువ సేపట్లో అంత జనం ఉన్నట్టు వినిపించడం తేలిక పని కాదు. ఆర్కెస్ట్రాలో నేను అలాంటిది చేయాలని చూస్తే, నలుగురు తాళగాళ్లు ఉన్నా సందడి రాదు, గందరగోళం వస్తుంది.

ఇంకో సంగతి. ఈ ఆల్బమ్‌లో రెండు జట్లు పని చేశాయి. రిచర్డ్ స్టానర్డ్, మ్యాట్ రో ఒక జట్టు. 'స్పైస్ అప్ యువర్ లైఫ్', 'వివా ఫరెవర్' వాళ్లవి. ఆబ్‌సల్యూట్ పేరుతో పని చేసిన పాల్ విల్సన్, ఆండీ వాట్కిన్స్ ఇంకో జట్టు. 'స్టాప్', 'టూ మచ్', 'ది లేడీ ఈజ్ ఎ వ్యాంప్' వీళ్లవి. మొదటి ఆల్బమ్‌కు పని చేసినవాళ్లు కూడా వీళ్లే. విజయం రాగానే ఖరీదైన కొత్తవాళ్లను తెచ్చుకోకుండా పాత మనుషులనే నిలుపుకున్నారు. అందుకే అంత తక్కువ టైములో పని జరిగింది. ఐదుగురిలో ఎవరి గొంతు ఎక్కడ ఆడుతుందో, మెల్ సీని ఎంత పైకి తీసుకెళ్లొచ్చో, ఎమ్మా మెత్తని గొంతును ఎక్కడ వాడాలో వాళ్లకు ముందే తెలుసు.

పింక్‌వీణ (అనంతపురం)

నేను ఇంజనీరింగ్ చదువుతున్నా. స్పైస్ గర్ల్స్ మా అక్కవాళ్ల కాలం. నేను కొరియా అమ్మాయిల బృందం బ్లాక్‌పింక్ అభిమానిని. ఈ చర్చ చదువుతుంటే మా బృందం రెండో ఆల్బమ్ టైములో పడ్డ టెన్షన్ గుర్తొచ్చింది.

'ది ఆల్బమ్' 2020 అక్టోబరు 2న వచ్చింది. 'బార్న్ పింక్' 2022 సెప్టెంబరు 16న. దాదాపు రెండేళ్లు ఎదురుచూశాం. వచ్చాక ఎనిమిదే పాటలు. అందులో ఒకటి అంతకుముందే ఒక మొబైల్ గేమ్ కోసం విడుదలైంది. రెండేళ్లు ఆగింది ఎనిమిది పాటలకా అని నా స్నేహితురాళ్లు చాలామంది బాధపడ్డారు. నేను పడలేదు. 'పింక్ వెనమ్' మొదట్లో కొరియా వాళ్ల గోమున్‌గో అనే తీగల వాద్యం మోగుతుంది. 'షట్ డౌన్' పాట మొత్తం పాతకాలపు ఇటలీ వయొలిన్ విద్వాంసుడు పగనీని స్వరం మీద నడుస్తుంది. అవి వినగానే ఆ ఆగడానికి అర్థం ఉందనిపించింది. అమెరికా ఆల్బమ్ చార్టులో కొరియా అమ్మాయిల బృందం మొదటి స్థానం అందుకోవడం అదే తొలిసారి. ఇంగ్లండులో కూడా అంతే.

నా డౌటు ఏమిటంటే, స్పైస్ గర్ల్స్‌కు కూడా రెండేళ్లు ఇచ్చి ఉంటే ఇంకా మంచి ఆల్బమ్ వచ్చేదా?

నల్లరేగడి (ఆదోని)

పింక్‌వీణా, నీ ప్రశ్నకు అమెరికాలో ముగ్గురు అమ్మాయిల బృందం టీఎల్‌సీ కథలో కొంత జవాబుంది తల్లీ.

వాళ్ల మొదటి ఆల్బమ్ 1992లో వచ్చింది, బాగా ఆడింది. రెండోది 'క్రేజీసెక్సీకూల్' 1994 నవంబరులో. మొదటిదాంట్లో రంగురంగుల సంచి బట్టలు, అల్లరి, గట్టి ర్యాప్. రెండోదానికి వచ్చేసరికి గొంతులు దిగాయి, లయ నిదానించింది, మాటలు బరువెక్కాయి. 'వాటర్‌ఫాల్స్' మత్తుమందుల వ్యాపారంలో చచ్చిపోయే కొడుకు గురించి, ఎయిడ్స్ గురించి పాడిన పాట. అది అమెరికాలో ఏడు వారాలు మొదటి స్థానంలో ఉంది. అమెరికాలో ఒక అమ్మాయిల బృందం ఆల్బమ్ కోటి ప్రతుల గుర్తింపు అందుకోవడం దానితోనే మొదలు. మొదటి విజయం తర్వాత రెండోదాంతో ఇంకా పైకి వెళ్లినవాళ్లు ఎవరని ఎవరు అడిగినా నేను ముందు వీళ్ల పేరే చెప్తా.

కానీ అదే ఆల్బమ్ కోట్లలో అమ్ముడవుతుండగా, 1995లో ఆ ముగ్గురూ దివాలా పిటిషన్ వేసుకున్నారు. ఒప్పందాలు అట్లా ఉన్నాయి. పాడిన పిల్లల చేతికి వచ్చింది కొంచెమే. టైము ఇస్తే ఆల్బమ్ బాగుపడుతుంది, నిజమే. ఆ టైములో ఆ పిల్లలు ఏం తిని బతకాలో ఎవరూ రాయరు. స్పైస్ గర్ల్స్ ఎందుకు ఆగలేదని అడిగేముందు ఇది కూడా ఆలోచించాలి. పాప్ బృందం ఎంతకాలం ఉంటుందో దాంట్లోని మనుషులకే తెలియదు. వేడి ఉన్నప్పుడే పని చేశారు. నేను తప్పు పట్టను.

తుంగభద్రగాలి (కర్నూలు)

నల్లరేగడి అన్నా, నా మనసులో ఉన్నది మీరు రాసేశారు. దానికి ఇంకొంచెం కలుపుతా.

ఈ ఆల్బమ్ ఎట్లా తయారైందో చూడండి. సినిమా షూటింగ్ దగ్గరికే కదిలే స్టూడియో తెచ్చి పెట్టారు. షాట్‌కూ షాట్‌కూ మధ్య వెళ్లి పాడటం, షూటింగ్ అయ్యాక మళ్లీ పాడటం. అప్పుడు వాళ్లందరి వయసూ ఇరవై, పాతిక మధ్య. తెల్లారి మళ్లీ మేకప్, మళ్లీ కెమెరా, ఎక్కడికెళ్లినా ఫొటోగ్రాఫర్లు. ఆ అలసటలో పుట్టిన 'నెవర్ గివ్ అప్ ఆన్ ది గుడ్ టైమ్స్' వింటే ఆ అమ్మాయిలు తమకు తామే ధైర్యం చెప్పుకుంటున్నట్టు నాకు అనిపిస్తుంది. పాట చేసినవాళ్లు ఆ ఉద్దేశంతో చేశారో లేదో నేను చెప్పలేను. నాకు అట్లా వినిపిస్తుంది.

అనంతశ్రోత తమ్ముడు 'మామా' లాంటి పాట చూపించమన్నాడు. 'వివా ఫరెవర్' చూపిస్తా. విడిపోయిన మనిషిని గుర్తు చేసుకుంటూ, ఏమీ తిరిగి రాదని తెలిసీ పాడే పాట అది. 1998 జులైలో దాన్ని సింగిల్‌గా, అంటే విడి పాటగా వదిలే నాటికి జెరీ బృందంలో లేదు. మే 31న వెళ్లిపోయినట్టు ప్రకటించింది. పాటలో ఆమె గొంతు ఉంది. వీడియోలో చిన్న చిన్న రెక్కల బొమ్మలుగా ఐదుగురూ ఉన్నారు. అది బొమ్మలను ఫ్రేము ఫ్రేముకూ కదిలిస్తూ తీసిన యానిమేషన్. స్టేజీ మీద మాత్రం నలుగురే మిగిలారు. ఎవరూ ముందుగా అనుకోకపోయినా ఆ పాట వాళ్ల కథే అయిపోయింది. అది ఇంగ్లండులో మొదటి స్థానానికి వెళ్లింది కూడా.

ఇంకో సంగతి కూడా ఉంది. పది పాటల్లోనూ రచయితలుగా ఐదుగురి పేర్లూ ఉంటాయి. ఎవరు ఎన్ని లైన్లు రాశారన్న తగాదా లేకుండా అందరూ సమానంగా పంచుకున్నారు. అమ్మాయిల బృందాల్లో ఒకరిని ముందు నిలబెట్టి మిగతావాళ్లను వెనక్కి నెట్టడం ఎప్పుడూ జరిగేదే. వీళ్లు ఆ పని చేయలేదు. నాకు ఈ బృందం మీద గౌరవం నిలిచిపోవడానికి పాటలంత కారణం ఇది కూడా.

పాతక్యాసెట్లు (కర్నూలు)

నేను అప్పట్లో కర్నూలు పాత బస్టాండు వైపు ఒక క్యాసెట్ల షాపులో పని చేసేవాణ్ని. షాపు ఇప్పుడు లేదు. చూసింది చూసినట్టు రాస్తా.

మా షాపులో తొంభై శాతం తెలుగు సినిమా పాటలు, భక్తి పాటలు, కొంచెం హిందీ. ఇంగ్లీషు క్యాసెట్లు ఒక చిన్న అర. తెలుగు క్యాసెట్‌కు రెండింతల పైనే ధర, అందుకని ఓనరు తక్కువ తెప్పించేవాడు. కేబుల్ టీవీలో ఎంటీవీ, చానల్ వీ చూసిన కాలేజీ పిల్లలు వచ్చి 'ఆ ఐదుగురు అమ్మాయిల క్యాసెట్' అని అడిగేవాళ్లు, పేరు కూడా పూర్తిగా తెలియకుండానే. 1997లోనే రెహమాన్ 'వందేమాతరం' కూడా వచ్చింది. ఆ క్యాసెట్ అడిగినవాళ్ల ముందు ఈ ఇంగ్లీషు అడిగినవాళ్లు ఏపాటి! అయినా ఉన్నవాళ్లు పట్టుదలగా ఉండేవాళ్లు. డబ్బులు చాలని పిల్లలు కొందరు కలిసి ఒకటి కొనుక్కుని, ఖాళీ క్యాసెట్లలోకి ఎక్కించుకునేవాళ్లు.

నేను గమనించింది ఒకటుంది. మొదటి క్యాసెట్ కొన్నవాళ్లు ఎక్కువ 'వానాబీ' కోసం కొన్నారు. దాన్నే తిప్పి తిప్పి విన్నారు. రెండోది కొన్నవాళ్లకు అంత పెద్ద పాట ఒక్కటి లేదు. అందుకని మొత్తం విన్నారు. 'ఆ చివర్లో ఒక పాట ఉంది కదన్నా' అని 'ది లేడీ ఈజ్ ఎ వ్యాంప్' గురించి నాతో మాట్లాడిన పిల్లలు ఉన్నారు. మొదటి క్యాసెట్ చివరి పాట గురించి నన్ను ఎవరూ అడగలేదు.

క్యాసెట్‌లో పాట దాటించాలంటే బటన్ నొక్కి, ఆపి, మళ్లీ చూసుకోవాలి. అంత ఓపిక లేక అన్నీ వినేవాళ్లం. అట్లా 'డినయింగ్', 'డూ ఇట్' లాంటి పాటలు కూడా చెవిన పడి నిలిచిపోయాయి. ఇప్పుడు ఫోన్‌లో చూస్తే ఈ ఆల్బమ్ నుంచి 'స్పైస్ అప్ యువర్ లైఫ్', 'టూ మచ్', 'స్టాప్', 'వివా ఫరెవర్', ఆ నాలుగు సింగిల్సే అందరికీ కనిపిస్తాయి. మిగిలిన ఆరు ఎవరికీ అక్కర్లేదు. రెండో ఆల్బమ్‌కు అన్యాయం జరిగింది అంటే నా దృష్టిలో ఇక్కడే జరిగింది.

నా దగ్గర ఉన్న పెట్టె 2009 అక్టోబరు వరదలో పోయింది. నీళ్లు దిగాక టేపులన్నీ బురద. ఇంట్లో అంతకన్నా ముఖ్యమైనవి చాలా పోయాయి కాబట్టి అప్పుడు దాని గురించి ఎవరితోనూ అనలేదు.

ఏడురోడ్లు (కడప)

అన్నా, ఇది చదివి మనసు బరువెక్కింది. ఆ వరదలో మా పిన్నివాళ్ల ఇల్లు కూడా మునిగింది.

నిర్వాహకుడు

మిత్రులారా, ఆల్బమ్ మొత్తం డౌన్‌లోడ్ అంటూ ఎవరో పెట్టిన లింకు తీసేశాను. దొంగ కాపీల లింకులు దయచేసి వద్దు. ఆల్బమ్ అన్ని పెద్ద మ్యూజిక్ యాప్‌లలోనూ ఉంది. చర్చ చక్కగా నడుస్తోంది, కొనసాగించండి.

అనంతశ్రోత (అనంతపురం)

పాతక్యాసెట్లు సార్, మీరు రాసింది చదివి మళ్లీ ఆలోచించాను. సింగిల్స్ కాని పాటల గురించి మీరన్నది ఒప్పుకుంటా. అయినా నా ప్రధాన అభ్యంతరం పోలేదు. అది పాటల గురించి కాదు, ఆ ఆల్బమ్ చుట్టూ జరిగిన దాని గురించి.

1997 నవంబరులో ఆల్బమ్ వచ్చిన కొద్ది రోజులకే మేనేజర్ సైమన్ ఫుల్లర్‌ను తీసేశారు. ఐదుగురూ తమ పని తామే చూసుకుంటామన్నారు. ఆ ధైర్యాన్ని మెచ్చుకుంటా. కానీ అప్పటికే పెప్సీ, చాక్లెట్లు, బొమ్మలు, చిప్స్ ప్యాకెట్లు, ఎక్కడ చూసినా వాళ్ల ముఖాలే. డిసెంబరు 26న ఇంగ్లండులో సినిమా. ఫిబ్రవరిలో డబ్లిన్‌లో మొదలైన కచేరీ యాత్ర నెలల తరబడి సాగింది. ఊపిరి పీల్చుకోవడానికి లేదు. మార్చిలో 'స్టాప్' రెండో స్థానంలో ఆగిపోయింది. అంతకుముందు విడుదలైన ఆరు సింగిల్సూ వరసగా మొదటి స్థానమే. మే చివరికి జెరీ వెళ్లిపోయింది. రెండో ఆల్బమ్‌ను ఏడాది ఆలస్యంగా చేసి ఉంటే ఆ ఐదుగురూ కలిసి మూడోది కూడా చేసేవాళ్లేమో. మూడోది 'ఫరెవర్' 2000 నవంబరులో నలుగురితో వచ్చింది. అప్పటికి ఎవరి దారి వాళ్లదే. నా బాధంతా అదే అక్కా. మంచి ఆల్బమ్ వచ్చిందనుకుందాం, కానీ దాని కోసం చెల్లించింది బృందాన్నే.

కీబోర్డు_కడప (కడప)

'స్టాప్' రెండో స్థానంలో ఆగడం గురించి ఒక మాట. దానికి అడ్డు నిలబడింది రన్-డీఎంసీ అనే అమెరికా ర్యాప్ బృందం పాత పాటకు జేసన్ నెవిన్స్ చేసిన రీమిక్స్ 'ఇట్స్ లైక్ దట్'. ఆ పాట ఆ వసంతంలో ఇంగ్లండులో వారాల తరబడి దిగలేదు. ఎవరు ఎదురొచ్చినా అదే జరిగేది. ఆ ఒక్క వారం చూసి 'స్టాప్' వీగిపోయింది అంటే నేను ఒప్పుకోను. ఇప్పుడు స్పైస్ గర్ల్స్ పాట ఒకటి వేయండి అంటే జనం లేచి చేతులు తిప్పేది దేనికి? 'స్టాప్'కే.

మేడమీదరేడియో (కర్నూలు)

ఆ చేతులు తిప్పడం గురించి నేను రాయాలి.

మేం చదివింది ఆడపిల్లల కాలేజీ. కాలేజీ డే కోసం ఐదుగురం ఈ పాటకు డాన్సు నేర్చుకున్నాం. 'స్టాప్'లో అడుగులు కష్టం కావు. చేయి ముందుకు చాచి ఆపినట్టు పెట్టడం, చేతులు ఒకదాని చుట్టూ ఒకటి తిప్పడం, పక్కకి అడుగు. డాన్సు రానివాళ్లకి కూడా ఒక సాయంత్రంలో వచ్చేస్తుంది. కార్యక్రమాలు చూసే మేడం ఇంగ్లీషు పాట వద్దన్నారు, జానపదం చేయమన్నారు. జానపదం చేశాం, అదీ బాగానే చేశాం. కానీ హాస్టల్ మేడ మీద మాత్రం మాదైన పద్ధతిలో 'స్టాప్' చేసుకున్నాం. వార్డెన్ చూసి కూడా ఏమీ అనలేదు.

అనంతశ్రోత గారూ, మీ బాధ నాకు అర్థమవుతుంది. ఐదుగురు స్నేహితులు పని ఒత్తిడిలో విడిపోతే చూసేవాళ్లకే కష్టంగా ఉంటుంది. కానీ ఆ ఆల్బమ్ ఆలస్యమై ఉంటే మా బ్యాచ్‌కు అది దొరికేది కాదు. మేం ఐదుగురం పెళ్లిళ్లయి తలో ఊరికి పోయాక వచ్చేది. మాకు కావలసిన ఏడాదిలో అది వచ్చింది. వినేవాళ్ల వైపు నుంచి ఇది కూడా ఒక లెక్కే.

తుంగభద్రగాలి (కర్నూలు)

మేడమీదరేడియో, మీది కూడా కర్నూలేనా! ప్రైవేటు సందేశం పంపుతున్నా, చూడండి.

పింక్‌వీణ (అనంతపురం)

నేను నిన్న రాత్రి మొత్తం ఆల్బమ్ విన్నాను, మొదటిసారి, వరసలోనే. నలభై నిమిషాల లోపే అయిపోయింది. మొదటి పాట నాకు అంతగా ఎక్కలేదు, అందులో దేశదేశాల మనుషుల గురించి వాడిన కొన్ని మాటలు ఈ కాలంలో అయితే ఎవరూ రాయరు. 'టూ మచ్' మాత్రం మూడుసార్లు విన్నా. అంత నెమ్మదిగా ఉండే పాట క్రిస్మస్ వారంలో మొదటి స్థానానికి ఎట్లా వెళ్లిందో అర్థమైంది. 'డినయింగ్' కూడా నచ్చింది. మన దేశంలో ఇట్లా అమ్మాయిల బృందాలు రాలేదా?

నల్లరేగడి (ఆదోని)

ఒకటి వచ్చింది. 2002లో చానల్ వీ 'పాప్‌స్టార్స్' అని పోటీ పెట్టి, దేశమంతా ఆడిషన్లు చేసి ఐదుగురిని ఎంచుకుంది. ఆ బృందం పేరు వివా. మొదటి ఆల్బమ్ ఆ ఏడాదే వచ్చింది, అప్పట్లో టీవీ పెడితే వాళ్లే. రెండోది 'వివా రీలోడెడ్' 2003లో. అది మొదటిదాని పక్కన నిలవలేదు, తర్వాత కొద్దికాలానికే బృందం విడిపోయింది.

దానికి నాకు తోచిన కారణం ఒకటుంది. స్పైస్ గర్ల్స్‌ను కూడా ప్రకటన ఇచ్చే పోగు చేశారు, కానీ ఆల్బమ్ వచ్చేలోపు వాళ్లు ఒకే ఇంట్లో ఉండి, తిట్టుకుని, కలిసి పాటలు రాసుకున్నారు. వివా పిల్లలకు ఆ వ్యవధి దొరకలేదు. పోటీ టీవీలో అయిపోగానే ఆల్బమ్. మన దగ్గర సినిమా పాట పక్కన విడి పాప్ ఆల్బమ్ బతకడం కూడా కష్టమే. రెండో ఆల్బమ్ వచ్చేసరికి చానల్ వేరే కార్యక్రమం మీదికి వెళ్లిపోతుంది, వాయించేవాళ్లు ఉండరు.

ఆ ఐదుగురిలో నేహా భాసిన్ గొంతు నువ్వు తప్పకుండా వినే ఉంటావు. 'జనతా గ్యారేజ్'లో 'యాపిల్ బ్యూటీ', 'జై లవకుశ'లో 'స్వింగ్ జరా' పాడింది ఆమే.

పింక్‌వీణ (అనంతపురం)

'స్వింగ్ జరా' పాడిన ఆమెనా! మా హాస్టల్‌లో ప్రతి ఫంక్షన్‌కూ అది ఉంటుంది. వివా పాటలు వెతుకుతా.

ఏడురోడ్లు (కడప)

'స్పైస్‌వరల్డ్'కు 2022లో 25 ఏళ్ల ప్రత్యేక ఎడిషన్ వచ్చింది. కొత్తగా వినేవాళ్లు ముందు అసలు పది పాటలూ వినండి, అదనపు పాటలు ఆ తర్వాత. కలిపి వింటే ఆల్బమ్ ఎక్కడ ముగిసిందో తెలియదు.

అనంతశ్రోత (అనంతపురం)

సరే, నేనూ ఈ ఆదివారం మళ్లీ వింటా, 'మూవ్ ఓవర్' దాటించకుండా. పెప్సీ విషయంలో నా మాట మారదు. ఆ ఒక్కటి తీసి తొమ్మిది పాటలతో వదిలి ఉంటే ఈ చర్చే అక్కర్లేదని ఇప్పటికీ అంటాను.

కీబోర్డన్నా, ఒకటి అడుగుతా. 'వివా ఫరెవర్'లో ఆ గిటారు ముక్క కీబోర్డు మీద వస్తుందా? మా చెల్లెలు పెళ్లి మే నెలలో, ఇక్కడే అనంతపురంలో. రిసెప్షన్‌లో వాయించేవాళ్లను ఇంకా మాట్లాడలేదు.

కీబోర్డు_కడప (కడప)

గిటారు టోన్ కీబోర్డులో ఉంటుంది తమ్ముడూ, కానీ ఆ తీగ మీటుడు రాదు. దానికి గిటారు మనిషినే తెస్తా, మా జట్టులో ఒక కుర్రాడున్నాడు, పాట పంపితే రెండు రోజుల్లో పట్టేస్తాడు. అయితే విడిపోవడం మీద రాసిన పాట రిసెప్షన్‌లో వద్దు. 'స్టాప్' వాయిస్తాం, ఊదే వాద్యాలు కీబోర్డు మీద నేను చూసుకుంటా. పాడే అమ్మాయిలు కావాలి, ముగ్గురైనా. తేదీ, ఊళ్లో ఏ హాలో సందేశంలో పంపు.

మేడమీదరేడియో (కర్నూలు)

అనంతపురం అంటే కర్నూలు నుంచి మూడు గంటల ప్రయాణమే కదా. తేదీ నాకు కూడా పంపండి. మా ఐదుగురిలో ఇద్దరం ఇంకా కర్నూలులోనే ఉన్నాం, పాట మొత్తం నోటికి వచ్చు.